ముందు కూలి, తర్వాత కానుక
దయాకార్యాల బృందం ఆరంభ ప్రణాళిక

విభూది బుధవారం వచ్చేసరికి మన చేలల్లో కాయ ఎర్రబారి ఉంటుంది. తపస్సుకాలం నలభై రోజులూ గుంటూరు, ప్రకాశం సీమలో మిరప కోతల రోజులే. శుక్రవారం సాయంత్రం గుడిలో సిలువమార్గం జరుగుతుంటే, ఊరి బయట పట్టాలు కప్పిన గుడిసెల ముందు కర్నూలు జిల్లా పడమటి మండలాల వాళ్ళు పొయ్యి రాజేస్తుంటారు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా వస్తారు, పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. గుడిలో మనం ప్రార్థన, ఉపవాసం, దానం అనే మూడు మాటలు వింటాం. దానం డబ్బాలో వేస్తాం. గట్టు మీద ఉన్నవాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఒకే ఊళ్ళో, ఒకే వారంలో ఈ రెండూ ఒకదాని ఊసు ఒకదానికి లేకుండా సాగిపోతున్నాయి. ఇది మాకు నచ్చలేదు. అందుకే కలిశాం.

మేం గృహస్థులం. మాలో సొంత పొలం ఉన్నవాళ్ళున్నారు, కౌలుకు చేసేవాళ్ళున్నారు, పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్ళే ఆడవాళ్ళున్నారు, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళు, నర్సులు, బడి పంతుళ్ళు, ఒక ఉపదేశి ఉన్నారు. అందరం కథోలికులం. గుంటూరు మేత్రాసనం వాళ్ళం కొందరం, ప్రకాశం వైపు నెల్లూరు మేత్రాసనం కింద ఉన్నవాళ్ళం కొందరం. 2022లో జిల్లాలు విడగొట్టాక పల్నాడు, బాపట్ల వాళ్ళమూ అయ్యాం కానీ నల్లరేగడి మాత్రం ఒకటే. బృందానికి పేరు ఇంకా పెట్టలేదు. పేరు పెడితే ఫ్లెక్సీ కావాలంటారు, ఫ్లెక్సీ వేస్తే అందులో ఎవరి బొమ్మ పెద్దదిగా ఉండాలో తేలాలంటారు. ఆ తగువు తర్వాత చూసుకోవచ్చు.

మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు

సత్యోపదేశం తరగతిలో వల్లించిన పాఠమే ఇది. ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీళ్ళు, బట్టలేనివారికి బట్ట, పరదేశికి ఆశ్రయం, రోగికి పరామర్శ, చెరలో ఉన్నవారికి పలకరింపు. ఈ ఆరూ మత్తయి సువార్త 25వ అధ్యాయంలోవి. చనిపోయినవారిని పాతిపెట్టడం అనే ఏడోది తోబితు గ్రంథం నుంచి వచ్చింది. వీటికి తోడు దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడం, తప్పుల్ని ఓర్చుకోవడం లాంటి ఆధ్యాత్మిక దయాకార్యాలు మరో ఏడు. 2015 డిసెంబరు 8 నుంచి 2016 నవంబరు 20 దాకా పోపు ఫ్రాన్సిస్ కరుణా జూబిలీ సంవత్సరం జరిపించారు. మేత్రాసనాల్లో పవిత్ర ద్వారాలు తెరిచారు. బస్సులు కట్టించుకుని వెళ్ళి ఆ ద్వారాల్లోంచి నడిచి వచ్చాం. ఏడాది ముగిశాక ద్వారాలు మూశారు. పని కూడా మూసేయమని ఎవరూ చెప్పలేదు, మనమే అలా అనుకున్నాం.

మన సీమలో ఈ పనిని నిజంగా చేసి చూపించిన మనిషి ఒకావిడ ఉంది. గుంటూరులో సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి తెలియని వాళ్ళు తక్కువ. అక్కడ పనిచేసిన డాక్టర్ మేరీ గ్లౌరీ పేరు తెలిసినవాళ్ళు అంతకంటే తక్కువని మా అనుమానం. 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టింది. ఆడపిల్లలు వైద్యం చదవడమే వింతైన రోజుల్లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరైంది, మెల్బోర్న్‌లో ప్రాక్టీసు పెట్టింది. భారతదేశంలో మగ డాక్టరు దగ్గరికి పోలేక కాన్పుల్లో చనిపోతున్న ఆడవాళ్ళ గురించి ఒక చిన్న పుస్తకంలో చదివింది. 1919లో ఎం.డి. కూడా పూర్తి చేసి 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సిస్టర్ల సభలో చేరింది. నెదర్లాండ్స్‌లో మొదలైన ఆ సభ సిస్టర్లు అంతకు ముందే, 1904లో, గుంటూరుకు వచ్చి ఉన్నారు.

ఇక్కడొక చిక్కు. ఆనాటి శ్రీసభ నియమాల ప్రకారం కన్యస్త్రీలు వైద్యవృత్తి చేయకూడదు, కాన్పులు చేయడం అసలే కుదరదు. ఆమెకు రోమునుంచి ప్రత్యేకంగా అనుమతి తేవాల్సి వచ్చింది. ఆ అడ్డు అందరికీ తొలగింది 1936లో. అంటే అప్పటిదాకా డాక్టర్ గ్లౌరీ ప్రత్యేక అనుమతి మీదే గుంటూరు ఆడవాళ్ళకు వైద్యం చేసింది. మందులిచ్చే చిన్న డిస్పెన్సరీని ఆసుపత్రిగా పెంచింది. స్థానిక అమ్మాయిలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, నర్సు పని నేర్పించింది. 1943లో కథోలిక ఆసుపత్రులనూ డిస్పెన్సరీలనూ ఒకచోటికి చేర్చే సంఘాన్ని ఆరంభించింది. ఇప్పుడు సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఆ కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాలో మూడు వేలకు పైగా సంస్థలున్నాయి. ఆమె 1957లో బెంగళూరులో చనిపోయింది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఆమెను పటం కట్టి దండ వేయడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆమె జాలిపడి ఊరుకోలేదు, చదివింది. నియమం అడ్డొస్తే ధిక్కరించలేదు, అలాగని చేతులు కట్టుకుని కూర్చోనూ లేదు, అడగాల్సిన చోట అడిగి మరీ తెచ్చుకుంది. తను పోయాక కూడా పని ఆగకుండా మనుషుల్ని తయారుచేసింది. మా బృందం ఆమె నుంచి తీసుకున్నది ఈ పద్ధతిని. దయకు మనసు ఉంటే చాలదు, పనితనం కావాలి, లెక్కల పుస్తకం కావాలి, వంతులు వేసుకుని పనిచేసే మనుషులు కావాలి.

అన్నం పెట్టి మతం అడగం

రెండో పాఠం మనవాళ్ళది కాదు, ఒంగోలు బాప్టిస్టులది. 1876-78 నాటి ధాత కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న మాదిగ కుటుంబాలకు అందులో పని ఇచ్చాడు. జనం జ్ఞానస్నానం అడుగుతున్నా కరువు రోజుల్లో ఇవ్వలేదు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆపేశాడు. కరువు సడలాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకెను సభల్లో చాలామంది చెబుతారు. దానికి ముందు నెలల తరబడి ఆయన తలుపు మూసి ఉంచిన సంగతి ఎవరూ ఎత్తరు. మాకు ఆ మూసిన తలుపే ముఖ్యం. ఇంకో సంగతి కూడా: ఆయన పని ఇచ్చి కూలి ఇచ్చాడు. చేయిచాచినవాడికి విసిరిన ముద్దకూ కష్టపడినవాడికి ఇచ్చిన కూలికీ ఉన్న తేడా కూలీలకు బాగా తెలుసు.

కాబట్టి ఈ బృందం ఎవరి కులమూ మతమూ అడగదు. మేం వెళ్ళిన ఇంట్లో వాళ్ళు అడిగితే తప్ప ప్రార్థన చెయ్యం. కరపత్రాలు పంచం. సాయం తీసుకున్న మనిషితో ఫోటో దిగం, తీసినవాడెవరైనా ఉంటే మాలో వాడు కాదు.

అసలు సంగతి

ఇప్పటిదాకా చదివినవాళ్ళు, దుప్పట్లు పంచే బృందం ఇంకొకటి వచ్చింది అనుకోవచ్చు. దుప్పట్లు కావాల్సిన చోట దుప్పట్లూ ఇస్తాం. కానీ మా తగువు అక్కడ లేదు.

మన విచారణల్లో ఆదివారం దివ్యపూజకు వచ్చేవాళ్ళలో పొలం ఉన్నవాళ్ళూ ఉన్నారు, ఆ పొలంలో కూలికి పోయేవాళ్ళూ ఉన్నారు. ఒకే బల్ల నుంచి దివ్యసత్ప్రసాదం తీసుకుంటారు. సోమవారం పొద్దున ఒకరు గట్టు మీద, ఒకరు సాలులో. గురువారానికి కూలి బాకీ పడుతుంది. కాయ అమ్ముడుపోయాక ఇస్తాం అంటారు. కాయ యార్డుకు వెళుతుంది, కమీషన్ వ్యాపారి తన అప్పు, వడ్డీ పట్టుకుని మిగతా ఇస్తాడు. ఆ మిగిలిన దాంట్లోంచి ఎరువుల కొట్టుకు, ట్రాక్టరుకు, కౌలుకు. కూలి ఎప్పుడూ వరస చివరే నిలబడుతుంది. పండగ కానుకకు మాత్రం ముందే పక్కన పెడతాం.

కూలి ఎగ్గొట్టడం ఆకాశానికి మొరపెట్టే పాపాల్లో ఒకటని శ్రీసభ సత్యోపదేశంలో ఉంది. అది హత్య ఉన్న జాబితాలోనే ఉంది. 1965లో రెండవ వాటికన్ మహాసభ గృహస్థ విశ్వాసుల సేవ గురించి ఇచ్చిన పత్రం కూడా ఈ సంగతి తేల్చింది: న్యాయంగా చెల్లించాల్సినదాన్ని దానం పేరుతో ఇవ్వకూడదు. బాకీ ఉన్నవాడు దానం చేస్తున్నానని చెప్పుకుంటే ఊళ్ళో నవ్వుతారు. దేవుడి ముందు మాత్రం ఆ మాట చెల్లుతుందని ఎందుకు అనుకుంటున్నామో మాకు అర్థం కాదు.

రైతు దగ్గర లేనిది ఎక్కడి నుంచి తెస్తాడు అని అడుగుతారు. అడగాల్సిన మాటే. మాలో రైతులే ముందు అడిగారు. 2021-22లో నల్ల తామరపురుగు పూతను తినేసి తోటలకు తోటలు పీకించింది. 2025 మొదట్లో ధర పడిపోతే, కేంద్రం ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. పెట్టుబడి లెక్క వేసుకున్న ఏ రైతుకూ ఆ అంకె చూసి ప్రాణం లేచిరాలేదు. రైతు మోసపోతున్నాడన్నది నిజం. ఆ నష్టంలో పెద్ద భాగాన్ని వేళ్ళు మంటెక్కి రాత్రి నిద్రపట్టని ఆడమనిషి నెత్తిన పెట్టడం న్యాయం కాదన్నదీ నిజం.

అందుకని కూలి నిధి పెడుతున్నాం. కోతలు మొదలయ్యే ముందు మాలో ప్రతి ఒక్కరూ శక్తికొద్దీ అందులో వేస్తారు. చేతిలో డబ్బు ఆడక కూలి ఇవ్వలేని సభ్యుడు ఆ వారమే నిధి నుంచి తీసుకుని కూలీల చేతిలో పెట్టాలి. వడ్డీ లేదు. సరుకు అమ్మిన రోజున, కమీషన్ కొట్లోంచి బయటికి రాగానే, నిధికి తిరిగి కట్టాలి. ఎవరు ఎంత తీసుకున్నారో, ఎప్పుడు కట్టారో ఉన్న పుస్తకాన్ని నెలకొకసారి అందరి ముందూ చదువుతారు. అప్పులిచ్చే అలవాటున్న సభ్యులు నూటికి రూపాయి దాటి వడ్డీ తీసుకోకూడదు. మూడు రూపాయలు, ఐదు రూపాయలు తీసుకుంటూ జపమాల చెప్పే పెద్దమనుషులకు మా బృందంలో చోటు లేదు. ఈ వాక్యం తీసేయమని ఇద్దరు అడిగారు. తీయలేదు.

కౌలు సంగతీ ఇందులోదే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలలకు కార్డు ఇస్తారు. అది ఉంటే బ్యాంకు అప్పుకూ, పంట నష్టం డబ్బుకూ, బీమాకూ దారి ఉంటుంది. ఆ చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం లేకుండా కార్డు రాదు. సంతకం పెడితే పొలం పోతుందన్న భయం ఊళ్ళో ఇప్పటికీ ఉంది. ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే రాసి ఉంది. మాలో పొలం కౌలుకిచ్చే ప్రతి ఒక్కరూ ఆ సంతకం పెడతారు. వెయ్యి మందికి భోజనాలు పెట్టడం కంటే ఈ ఒక్క సంతకం పెద్ద దయాకార్యమని మా లెక్క, పైగా ఖర్చు లేనిది.

చావు జరిగిన ఇల్లు

1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పటి నుంచీ ఈ సీమకు పురుగుమందు తాగి చనిపోవడం తెలుసు. చేనుకు కొట్టే మందు ఇంట్లోనే ఉంటుంది, అందుకే ఆ క్షణం దాటకుండా పోతుంది. బృందంలో ప్రతి ఇంటివాళ్ళూ ఇది నేర్చుకోవాలి: మందు తాగిన మనిషికి ఉప్పునీళ్ళో సబ్బునీళ్ళో పట్టించి కక్కించాలని చూడకూడదు. తడిసిన బట్టలు తీసేసి ఒళ్ళు కడిగి, మందు డబ్బా చేత్తో పట్టుకుని, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఏ మందో డాక్టరుకు తెలిస్తే విరుగుడు త్వరగా పడుతుంది. అప్పులతో మనసు చెదిరి, మాటల్లో చావు దొర్లుతున్న మనిషి కనిపిస్తే ఒంటరిగా వదలకూడదు. 14416 టెలి మానస్ నంబరుకు పక్కన కూర్చుని ఫోను కలపాలి. ఇంట్లో మందు డబ్బాలుంటే కొన్నాళ్ళు మన ఇంట్లో తాళం వేసి పెట్టుకోవాలి.

చావు జరిగిపోతే, ఆ ఇంటికి రెండు బరువులు. ఒకటి ఊరి గుసగుస. 1917 నాటి శ్రీసభ చట్టం తెలిసి ప్రాణం తీసుకున్నవారికి గుడి అంత్యక్రియలు నిరాకరించింది. 1983లో వచ్చిన చట్టంలో ఆ మాట లేదు. తీవ్రమైన వేదన మనిషి బాధ్యతను తగ్గిస్తుందనీ, అలా పోయినవారి రక్షణ గురించి ఆశ వదులుకోకూడదనీ 1992 సత్యోపదేశం చెబుతోంది. అయినా మన పల్లెల్లో ఇంకా పాత చట్టమే నడుస్తోంది. చావు ఇంటి ముందు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఆ కుర్చీల్లో మేం కూర్చుంటాం. పాడె మోస్తాం. నెల పూజ చెప్పిస్తాం.

రెండో బరువు కాగితాలు. 2004 నాటి 421 నంబరు జీవో రైతు ఆత్మహత్య కుటుంబానికి సాయం ఇమ్మంది. అప్పుడు లక్షన్నర ఉన్న మొత్తం తర్వాత 7 లక్షల దాకా పెరిగింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి కలిసి విచారించి నిజమేనని తేల్చాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పొలం కాగితం, అప్పు కాగితం అడుగుతారు. కౌలు రైతుకు పొలం కాగితం ఉండదు, చేబదులుకు నోటు ఉండదు. దినం కూడా కాకముందే ఆ భార్య ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆమె వెంట చదువుకున్న ఒక ఆడమనిషి, బండి ఉన్న ఒక మగమనిషి చివరి కాగితం చేతికొచ్చేదాకా తిరగాలి. ఇది మా బృందం తొలి ఏడాది పెట్టుకున్న పెద్ద పని.

గట్టు మీద వాళ్ళు

వలస వచ్చిన ముఠాలు మన ఊళ్ళో దిగిన వారంలోపు అక్కడికి వెళ్ళి మూడు సంగతులు చూడాలి. మంచినీళ్ళ ట్యాంకరో క్యానులో ఏర్పాటయ్యాయా? రేషన్ పోర్టబిలిటీ ఉంది కాబట్టి వాళ్ళ కార్డు మీద ఇక్కడే బియ్యం అందుతున్నాయా? పిల్లలు దగ్గరి బడిలో, అంగన్‌వాడీలో చేరారా? పంతుళ్ళుగా పనిచేసే మా సభ్యులు బడి సంగతి చూస్తారు. కోతకు తీసుకెళ్ళే ట్రాక్టర్ల మీద మనుషుల్ని కుక్కడం గురించి కూడా మాట్లాడాలి. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్ది పలువురు చనిపోయారు. మా సభ్యుల ట్రాక్టర్ల మీద అలా ఎక్కించుకోరు. ఆటోకు అదనంగా అయ్యే ఖర్చు రైతుదే.

మందు కొట్టేవాళ్ళకు చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, పని అయ్యాక స్నానానికి సబ్బు. ఇది కూడా రైతు ఇవ్వాల్సిందే.

మన గోడలు

మన గుళ్ళలో కులం లేదని ఎవరైనా అంటే సమాధుల దొడ్డికి తీసుకెళ్ళి చూపించండి. ఎన్నో చోట్ల ఊరి వాళ్ళకొక మూల, పల్లె వాళ్ళకొక మూల. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు మన జిల్లాల్లోనే జరిగాయి. ఎక్కడో జరిగినట్టు మాట్లాడుతుంటాం. భారత కథోలిక పీఠాధిపతులు 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం ప్రకటించి కుల వివక్షను ఘోరమైన సామాజిక పాపమని చెప్పారు. 2022లో పూల ఆంథోని గారు కార్డినల్ అయితే తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ అని మన ఊళ్ళలో టపాసులు కాల్చారు. ఆయన బంధువు చనిపోతే మన దొడ్డిలో ఏ మూల పాతిపెడతామో ఆ టపాసులు కాల్చినవాళ్ళను అడగాలి. ఏడో దయాకార్యం మృతులను పాతిపెట్టడం. మా బృందంలో ఎవరు పోయినా, దొడ్డిలో ఖాళీ ఉన్న తర్వాతి చోటులో, కులం చూడకుండా పాతిపెట్టాలని మేం రాసి ఇస్తున్నాం. ఇది మా పిల్లలకు కూడా చెప్పాం.

నడక ఎలా

గురువులను గౌరవిస్తాం, సలహా అడుగుతాం, డబ్బు మాత్రం గృహస్థుల చేతిలోనే ఉంటుంది. విదేశీ విరాళం తీసుకోం. ఎన్నికల ఏడాదిలో ఏ పార్టీవాళ్ళ చేతి మీదుగా ఏమీ పంచం. విచారణకు ఒక జట్టు, జట్టులో కనీసం సగం మంది ఆడవాళ్ళు, కనీసం ఇద్దరు కూలికి పోయేవాళ్ళు. సెయింట్ విన్సెంట్ డి పాల్ సభ, మరియదళం ఉన్న చోట వాళ్ళతో కలిసి పనిచేస్తాం, పోటీ పడం. కన్యస్త్రీల ఆసుపత్రులకు పంపే రోగుల గురించి ముందుగా అక్కడికి ఫోను చేస్తాం, వెంట ఒక మనిషిని పంపుతాం. సభ్యుడు కూలి బాకీ పెట్టాడని ఫిర్యాదు వస్తే జట్టు మొత్తం ఆ కూలి మనిషి ఇంటికి వెళ్ళి విచారిస్తుంది. నిజమైతే చెల్లించేదాకా అతను సభ్యుడు కాదు.

చేరాలనుకునేవాళ్ళు రుసుము కట్టనక్కరలేదు. ముందుగా ఇంట్లో కూర్చుని, ఎవరికి ఎంత కూలి బాకీ ఉన్నారో కాగితం మీద రాయండి. ఆ బాకీ తీర్చి, విభూది బుధవారం సాయంత్రం పూజ అయ్యాక మీ విచారణ గుడి ఆవరణలో మమ్మల్ని కలవండి. బండి ఉన్నవాళ్ళు బండితో రండి, ఆఫీసు కాగితాలు రాయడం వచ్చినవాళ్ళు పెన్నుతో రండి. మీకే కూలి రావాల్సి ఉంటే, ఎవరి దగ్గర రావాలో ఆ పేరు చెప్పడానికి రండి.